సలహా చెప్పేవాళ్ళు పదిమంది, బాబును పట్టుకునేవాళ్ళు ఒక్కరూ లేరు

ప్రశ్న: మేడమ్, నమస్కారం. నాకు 36 ఏళ్ళు. మా బాబుకి 7 నిండాయి. ఎనిమిదో నెలలో సెరిబ్రల్ పాల్సీ అని చెప్పారు. నడవలేడు, నిలబడలేడు, నాలుగైదు మాటలు వస్తాయి. అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి. ఒక్కో పూట తినిపించడానికి గంట పడుతుంది. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానానికి, అన్నిటికీ ఎత్తుకోవాల్సిందే. వాడు బరువు పెరుగుతున్నాడు, నా నడుము పోయింది.

మావారు మంచివారే. డబ్బు దగ్గర ఎప్పుడూ వెనకాడలేదు. కానీ బాబు గురించి ఒక్క మాట మాట్లాడరు. నేను ఆ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతారు. మా అత్తగారు "కడుపుతో ఉన్నప్పుడు జాగ్రత్తగా ఉంటే ఇలా అయ్యేదా" అని వచ్చినవాళ్ళందరి ముందూ అంటారు. చుట్టాలు ఫలానా డాక్టరు, ఫలానా వ్యాయామం అని చెప్తూనే ఉంటారు. "దేవుడు నీలాంటి గట్టిదానికే ఇలాంటి బిడ్డనిస్తాడు" అంటే నాకు ఎక్కడలేని కోపం వస్తుంది. ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల ఫోన్ గ్రూపులో చేరాను. అక్కడ అందరూ తమ పిల్లలు ఏమేం నేర్చుకున్నారో వీడియోలు పెడుతుంటే చూడలేక నెలలోపే బయటికొచ్చేశాను. చిన్నప్పటి స్నేహితురాలు ఒకతి "ఏదైనా అవసరమైతే చెప్పు" అనేది. నేనేమీ చెప్పలేదు, తను ఫోన్లు మానేసింది. మా పెద్దమ్మాయికి 11. అది మాత్రం బంగారం, ఏ ఇబ్బందీ పెట్టదు.

నలుగురితో కలిస్తే మనసు తేలికపడుతుందంటారు. నాకు కలిసిన ప్రతిసారీ బరువెక్కుతోంది. మనుషులకి దూరంగా ఉండటమే నయమేమో. కొన్ని రోజులు తెల్లారకపోతే బాగుండును అని కూడా అనిపిస్తుంది. ఏం చేయమంటారు?
ఒక తల్లి

సమాధానం: అమ్మా,

ఉత్తరం చివర్లో, దాచినట్టుగా ఒక మాట రాశారు. తెల్లారకపోతే బాగుండును అని. ముందు దాని సంగతి చూద్దాం. ఆ ఆలోచన వచ్చినంత మాత్రాన మీరు చెడ్డ తల్లి అయిపోరు. అలా అని "అలసటలే" అని తీసిపారేయడానికీ లేదు. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బాబు కోసం కాదు, మీ కోసం. ఈ మాట ఇదే మాటల్లో చెప్పండి, సరైన నిద్ర లేక ఎన్నాళ్ళయిందో కూడా చెప్పండి. ఆ ఆలోచన "ఎలా", "ఎప్పుడు" అనేదాకా వెళ్ళినా, బాబును కూడా అందులో కలుపుకుని వచ్చినా, ఇక వారం ఆగొద్దు. ఆ క్షణమే ఇంట్లో ఉన్న మనిషిని లేపి చెప్పండి. ఆస్పత్రి ఎమర్జెన్సీకి గానీ ఇలాంటి సమయానికే ఉండే హెల్ప్‌లైన్‌కి గానీ ఫోన్ చేయండి.

ఈ స్థితిలో ఉన్నది మీరొక్కరే కాదు. అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీవాళ్ళు వైకల్యాలున్న పిల్లల తల్లులు 243 మందితో చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. మొదలుపెట్టేనాటికి వాళ్ళలో 85 శాతం మందికి ఒత్తిడి బాగా ఎక్కువగా ఉంది, 48 శాతం మంది డిప్రెషన్‌లో ఉన్నారు. సాయం కావాలని ముందుకొచ్చినవాళ్ళ లెక్క కాబట్టి తల్లులందరికీ ఇదే వర్తిస్తుందని అనలేం. అయినా దాదాపు సగం మంది అంటే తక్కువేం కాదు. దానికి మందుంది, వైద్యం ఉంది. నడుము నొప్పికి వెళ్ళినట్టే దీనికీ వెళ్ళాలి. అన్నట్టు, ఆ నడుము కూడా చూపించుకోండి.

ఇక మీరు అడిగింది. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు తట్టిందేమిటంటే, మీకు మనుషుల కొరత లేదు. వచ్చిన ప్రతి మనిషీ ఒకటే సరుకు మోసుకొస్తున్నాడు, అదేమో మీ ఇంట్లో ఇప్పటికే గుట్టలు పడి ఉంది. సలహా.

మనిషికి మనిషి ఇచ్చే ఆసరా అంతా ఒకటి కాదు. జేమ్స్ హౌస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1981లో దాన్ని నాలుగుగా విడదీశాడు. పక్కన కూర్చుని మన బాధ వినడం ఒకటి. చేతిసాయం రెండోది, అంటే ఎత్తడం, మోయడం, డబ్బు, సమయం. మనకి తెలియని సంగతి చెప్పడం మూడోది. "నువ్వు చేస్తున్నది సరిగ్గానే ఉంది" అని తూచి చెప్పడం నాలుగోది. ఇప్పుడు మీ ఇంటి లెక్క వేయండి. మీవారి డబ్బు రెండోదానిలో ఒక భాగం. చుట్టాలంతా మూడోది, అదీ మీకు తెలిసిందే మళ్ళీ చెప్పడం. మొదటిది సున్నా. నాలుగోదాన్ని మీ అత్తగారు తిరగేసి ఇస్తున్నారు. మరి కలిసిన ప్రతిసారీ బరువెక్కక ఏమవుతుంది? దాహమేసి అడిగితే దుప్పటి కప్పి వెళ్తున్నారు. దుప్పటి చెడ్డదని కాదు.

కాబట్టి దూరంగా ఉండాల్సింది మనుషులకి కాదు, పనికిరాని సాయానికి. ఎవరి దగ్గర ఏముందో వాళ్ళని అదే అడగడం నేర్చుకోవాలి. సలహాలిచ్చే చుట్టాలతోనే మొదలుపెట్టండి. ఈసారి ఎవరైనా ఫలానా డాక్టరు అనగానే, "ఆయన ఈ వయసు పిల్లల్ని చూస్తారో లేదో, అపాయింట్‌మెంట్ ఎన్నాళ్ళకి దొరుకుతుందో కొంచెం కనుక్కుని చెప్పండి" అని పని వాళ్ళకే అప్పజెప్పండి. సగం మంది అక్కడితో ఆగిపోతారు. మిగతా సగం మంది నిజంగానే కనుక్కొస్తారు. వాళ్ళ ఫోన్ నంబర్లు జాగ్రత్తగా పెట్టుకోండి.

పైగా నలుగురు అక్కర్లేదు. వెథింగ్టన్, కెస్లర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఈ సంగతి మీదే పనిచేశారు. కష్టంలో మనసును కాపాడేది నిజంగా అందిన సాయం కన్నా, "అవసరం పడితే ఫలానా మనిషి వస్తుంది" అన్న ధీమాయేనని వాళ్ళకి తేలింది. ఆ ధీమా ఇవ్వడానికి ఒకరిద్దరు చాలు. మీ ఉత్తరంలో అలాంటి మనిషి ఒకరు కనిపిస్తూనే ఉన్నారు, ఫోన్లు మానేసిన స్నేహితురాలు.

"ఏదైనా అవసరమైతే చెప్పు" అనే మాట మంచి మనసుతో అన్నదే. కానీ అడగాల్సిన భారమంతా అది మీ మీదే పెడుతుంది. ఏది అడగాలి, ఎంత అడిగితే ఎక్కువవుతుంది, కాదంటే మొహం ఎలా చూసుకోవాలి? ఇవన్నీ తేల్చుకునే ఓపిక ఉన్నవాళ్ళకి అసలు సాయమే అక్కర్లేదు. అందుకే మీరు ఏమీ చెప్పలేదు. తనేమో, ఇది మీ వైపు నుంచి మీకు తోచదు కాబట్టి చెప్తున్నాను, మీకు తన అవసరం లేదనుకుని ఉంటుంది. ఏం మాట్లాడితే ఏం తప్పవుతుందోనని భయపడి తప్పుకునే స్నేహితులు చాలామంది ఉంటారు. నేనూ ఒకరి విషయంలో అలా తప్పుకున్నదాన్నే. ఇప్పటికీ సిగ్గుపడతాను.

తనకి క్షమాపణలూ సంజాయిషీలూ లేకుండా ఇంత మాత్రం పంపండి: "గురువారం నాలుగు నుంచి ఐదున్నర దాకా మా ఇంటికి వచ్చి బాబు దగ్గర కూర్చోగలవా? వాడికి పాటలిష్టం. నేను పక్క గదిలో పడుకుంటాను." రోజు, గంట, పని, మూడూ అందులో ఉన్నాయి. సరే అనడం తేలిక, కుదరదనడమూ తేలికే. కుదరదంటే వచ్చే వారం ఇంకో రోజు అడగండి. అప్పటికీ కాదంటే మాత్రం వదిలేయండి.

ఆ గంటన్నరలో తినిపించే పని పెట్టకండి. మీ బాబులాంటి పిల్లలకి మింగడం కష్టమైతే ముద్ద ఊపిరితిత్తుల వైపు వెళ్ళే ప్రమాదం ఉంటుంది, నేర్చుకోనివాళ్ళు ఆ పని చేయకూడదు. ఒక కాగితం మీద నాలుగు సంగతులు పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించండి. ఎలా కూర్చోబెట్టాలి, ఏ శబ్దం చేస్తే ఏం కావాలని, మీ నంబరు, డాక్టరు నంబరు. ఫిట్స్ వస్తే ఏం చేయాలో విడిగా రాయండి: పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్. మీ డాక్టరు ప్రత్యేకంగా ఇంకేమైనా చెప్పి ఉంటే అదీ చేర్చండి. ఈ కాగితం బాబు కోసం ఎంతో, మీ కోసం అంత. "నేను తప్ప వాణ్ణి ఎవరూ చూసుకోలేరు" అనే మాట మీ లోపల గట్టిగా పాతుకుని ఉంటుంది. అందులో నిజం కొంత ఉంది. ఆ నిజాన్నే కాగితం మీద పెడితే ఇంకొకరూ చూసుకోగలుగుతారు.

అత్తగారి మాట. మీ తప్పేనేమో అని రాత్రిపూట మీరూ ఒకసారి అనుకునే ఉంటారు, అందుకే ఆ మాట అంత గుచ్చుకుంటోంది. సెరిబ్రల్ పాల్సీ అంటే ఎదుగుతున్న మెదడుకు తగిలిన దెబ్బ, లేదా మెదడు ఎదుగుదలలోనే వచ్చిన తేడా. నెలలు నిండక పుట్టడం, ఇన్ఫెక్షన్లు, మెదడుకు రక్తం అందకపోవడం, జన్యువులు, ఇలా దారులు చాలా ఉన్నాయి. చాలామంది పిల్లల్లో ఇదీ కారణం అని వేలు పెట్టి చూపించలేరు. దీనికో చిన్న చరిత్ర కూడా ఉంది. విలియం లిటిల్ అనే ఇంగ్లీషు డాక్టరు 1861లో కాన్పు కష్టం కావడం, బిడ్డకి ఊపిరందకపోవడం దీనికి మూలమన్నాడు. అప్పటికింకా నరాల డాక్టరుగా ఉన్న సిగ్మండ్ ఫ్రాయిడ్ 1897లో దానికి అడ్డం తిరిగాడు. కాన్పు కష్టం కావడం కారణం కాకపోవచ్చు, కడుపులో ముందే జరిగినదానికి అది ఒక గుర్తు కావచ్చు అన్నాడు. ఆ మాట చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 1986లో నెల్సన్, ఎలెన్‌బర్గ్ వేల మంది పిల్లల రికార్డులు చూశాక, కాన్పులో ఊపిరాడకపోవడం వల్ల వచ్చే కేసులు కొద్దిపాటివేనని బయటపడింది. పెద్ద పెద్ద డాక్టర్లకే తేల్చడానికి నూరేళ్ళు పైన పట్టిన సంగతిని మీ అత్తగారు ముందు గదిలో కూర్చుని తేల్చేశారు.

ఇదంతా ఆవిడకి మీరు వివరించి చెప్పొద్దు. కోడలు చెప్తే వాదన అవుతుంది. ఈసారి డాక్టరు దగ్గరికి ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళి, "మా ఇంట్లో ఇలా అనుకుంటున్నారు, నిజమా" అని ఆవిడ ముందే అడగండి. నలుగురి ముందూ ఆ మాట రాకుండా ఆపాల్సింది మాత్రం ఆవిడ కొడుకు.

దానితో మీవారి దగ్గరికి వచ్చాం. 2000లో బోల్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఒక తమాషా సంగతి గమనించింది. పెద్ద పరీక్షకి చదువుతున్న లా విద్యార్థులనీ వాళ్ళ జీవిత భాగస్వాములనీ విడివిడిగా రోజూ డైరీ రాయమన్నారు. భాగస్వామి సాయం చేశానని రాసి, విద్యార్థి మాత్రం తనకి సాయం అందిన సంగతే రాయని రోజుల్లో విద్యార్థి మనసు ఎక్కువ కుదుటగా ఉంది. కనబడే సాయం ఒక్కోసారి "నావల్ల కావడం లేదు" అని గుర్తుచేస్తుంది కాబోలు. మీవారు మీకు కనబడకుండా ఏమైనా చేస్తున్నారేమో ఒక వారం గమనించండి. కుర్చీ చక్రం బిగించడం, మందులు అయిపోకముందే తేవడం లాంటివి. అలా అని ఆయన్ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ఏడేళ్ళుగా ఒక్క మాట మాట్లాడకపోవడం మీకు అన్యాయమే. కానీ మాట దగ్గర మూసుకుపోయే మనిషికి మాట దగ్గరే తలుపు కొడితే ఇంకా గట్టిగా మూసుకుంటాడు. చేతుల దగ్గర కొట్టి చూడండి.

ఫిజియోథెరపిస్టును "వీణ్ణి ఎత్తే పద్ధతి మా ఇద్దరికీ నేర్పండి" అని అడగండి. వెన్ను వంచకుండా ఎత్తడం, జారుడు పలక సాయంతో మంచం మీంచి కుర్చీలోకి జరపడం, ఇంకాస్త పెద్దయ్యాక ఎత్తే యంత్రం, ఇవన్నీ ఉన్నాయి. మీకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పకపోతే అది వాళ్ళ లోపం. నేర్చుకున్నాక వారంలో మూడు రోజులు స్నానం ఆయనది. ఆయన చేస్తున్నప్పుడు గుమ్మంలో నిలబడి "అలా కాదు" అనొద్దు. ఆ ఒక్క మాటతో మగవాళ్ళు ఆనందంగా పని మానేస్తారు, నేను చాలా ఇళ్ళలో చూశాను. వాణ్ణి చేతుల్లో పట్టుకుని ఒంటరిగా ఉన్నప్పుడు ఆయనకి మాటలు వస్తే రావచ్చు. రాకపోయినా మీ నడుముకి మూడు రోజులు విశ్రాంతి.

"గట్టిదానికే ఇస్తాడు" అన్న మాటకి మీకొచ్చే కోపం న్యాయమైనదే. నువ్వు గట్టిదానివి అనడమంటే నీకు మా అవసరం లేదు అని మర్యాదగా చెప్పి వెళ్ళిపోవడం. పైగా ఆ మాట విన్నాక ఏడవడానికి కూడా వీలుండదు. సైమన్ ఓల్షాన్‌స్కీ అనే ఆయన 1962లో ఇలాంటి తల్లిదండ్రుల దుఃఖం గురించి రాస్తూ, ఇది ఒకసారి వచ్చి తగ్గిపోయేది కాదు, జీవితాంతం తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, ఇది జబ్బు కాదు, సహజం అన్నాడు. "ఇంకా ఒప్పుకోలేకపోతున్నావా" అని వాళ్ళని వేధించొద్దని ఆ రోజుల్లోనే సాయం చేసే ఉద్యోగులకి చెప్పాడు. ఆరేళ్ళ క్రితం ఏడ్చేశాను, ఇప్పుడెందుకు మళ్ళీ అని మీకు అనిపిస్తే, బాబు ఈడు పిల్లలు సైకిల్ నేర్చుకుంటున్న రోజులివి కదా, అందుకు.

గ్రూపులోంచి బయటికొచ్చి మీరు తప్పేమీ చేయలేదు. వంద మంది ఉన్నచోట గెలుపులే పెద్దగా వినిపిస్తాయి, ఓడినవాళ్ళు నోరు మెదపరు. మీకు కావలసింది గ్రూపు కాదు, ఒక్క తల్లి. 1971లో అమెరికాలోని ఒమాహా అనే ఊళ్ళో డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ తల్లి ఒకామె, ఒక సోషల్ వర్కరు కలిసి ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఈ దారిలో ఇప్పటికే కొంత దూరం నడిచిన తల్లినో తండ్రినో కొత్తగా వచ్చినవాళ్ళతో ఒకరికి ఒకరుగా జత చేయడం, అంతే. తర్వాత అది ఎన్నోచోట్లకి పాకింది. 1999లో దాన్ని పరీక్షించి చూస్తే 80 శాతానికి పైగా తల్లిదండ్రులు ఉపయోగపడిందన్నారు. మొదట్లో చెప్పిన 243 మంది తల్లుల అధ్యయనంలోనూ ఆరు వారాల తరగతులు నడిపింది డాక్టర్లు కాదు, శిక్షణ తీసుకున్న ఇలాంటి పిల్లల తల్లులే. ఒత్తిడి, డిప్రెషన్ తగ్గాయి, నిద్ర మెరుగుపడింది. మీ బాబు థెరపీకి వెళ్ళేచోట బయట బెంచీ మీద కూర్చునే తల్లుల్లో వీడియోలు చూపించని ఒకావిడ ఉండే ఉంటుంది. బాబు కన్నా మూడు నాలుగేళ్ళు పెద్ద పిల్లవాడి తల్లి అయితే మరీ మంచిది. పోలిక ఉండదు, ముందు ఏం రాబోతోందో తెలుస్తుంది. "మీరు వీణ్ణి స్నానానికి ఎలా ఎత్తుతున్నారు?" అని అడగండి చాలు. మిగతా మాటలు అవే వస్తాయి.

చివరగా మీరు ఒక్క వాక్యంలో దాటేసిన మనిషి గురించి. "బంగారం, ఏ ఇబ్బందీ పెట్టదు."

నేనూ ఒకప్పుడు అలాంటి బంగారాన్నే. మా తమ్ముడు నడవలేడు. నాకు పదేళ్ళప్పుడు బడిలో కాలు బెణికి వాచిపోతే మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నడవలేని పిల్లవాడున్న ఇంట్లో కాలు నొప్పి అనడానికి సిగ్గేసింది. మా అమ్మ అందరితో నా గురించి గొప్పగా చెప్పుకునేది, మీరు ఇప్పుడు చెప్తున్నట్టే. అమ్మ తప్పేమీ లేదు. తనకి ఊపిరి తీసుకునే సమయం లేదు. ఇలాంటి పిల్లల అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కలిసి ఆడుకుంటూ మాట్లాడుకునే శిబిరాలు 1980ల మొదట్లో సియాటిల్‌లో మొదలయ్యాయి. డాన్ మేయర్ అనే ఆయన వాటిని నడిపాడు. కోపం, సిగ్గు, నేను తప్పు చేయకూడదనే భయం, రేపు వీణ్ణి నేనే చూసుకోవాలా అనే దిగులు, ఇవన్నీ ఆ పిల్లలందరిలో ఉంటాయని అక్కడ తెలిసింది. నాకైతే నా ఒక్కదానికే ఉన్నాయనుకునేదాన్ని.

స్నేహితురాలు వచ్చే మొదటి గురువారం మీరు పడుకోండి. దాన్ని ఇంకెవరికీ ఇవ్వొద్దు. రెండో గురువారం అమ్మాయికివ్వండి. ఇద్దరూ ఇంటి బయటికి వెళ్ళండి, ఎక్కడికైనా సరే. తమ్ముడి ఊసు తను ఎత్తితే తప్ప మీరు ఎత్తకండి. బడిలో తన పక్కన ఎవరు కూర్చుంటారో అడగండి.